పోస్టు డబ్బా మీద ఇంటిపేరు

శనివారం సాయంత్రం ఏడున్నర. మే నెలాఖరు. హనుమకొండలో అయితే ఈపాటికి వీధి దీపాలు వెలిగి ఉండేవి. జర్మనీ తూర్పు భాగంలోని హాలే నగరంలో మాత్రం ఎండ ఇంకా గోడల మీద పచ్చగా పరుచుకుని ఉంది. జాలె నది దాటాక వచ్చే హాలే-నోయ్‌స్టాట్ పేటలో, ఐదంతస్తుల కాంక్రీటు భవనం ముందు ఒక తెలుగమ్మాయి పెద్ద పెట్టె పక్కన పెట్టుకుని నిలబడింది. ఫోనులో చిరునామా ఉంది. వీధి పేరు ఉంది, ఇంటి నంబరు ఉంది, పిన్‌కోడు ఉంది. ఫ్లాటు నంబరు లేదు.

తలుపు పక్కన స్టీలు పలక మీద పది బెల్లు మీటలున్నాయి. ఒక్కో దాని పక్కన ఒక్కో ఇంటిపేరు. ఏ అంతస్తో, ఎడమో కుడో ఎక్కడా రాసి లేదు. గది అద్దెకిచ్చిన అమ్మాయి పేరు ఆమెకు బాగా తెలుసు. నెల రోజులుగా ఇద్దరూ మెసేజీలు పంపుకుంటూనే ఉన్నారు. తెలియనిది ఇంటిపేరే. విమానాశ్రయంలో దొరికిన ఉచిత వైఫై అక్కడే ఆగిపోయింది, ఫోనులో సిమ్ము ఇంకా హైదరాబాదుదే. పలక మీది పది పేర్లనూ రెండుసార్లు చదివింది. ఏది నొక్కాలి?

కుక్కను తిప్పి వస్తున్న ఒక పెద్దావిడ ఆగి, ఫోనులో ఆ గది అమ్మాయి ఫొటో చూసి, మూడో వరసలో ఒక బెల్లు నొక్కింది. లోపల్నుంచి తలుపు గరగరమని విడింది. ఆ దేశంలో ఆమె నేర్చుకున్న మొదటి పాఠం ఆ గడప దగ్గరే మొదలైంది. ఇక్కడ మనిషి ఆచూకీ తెలిపేది నంబరు కాదు, తలుపు మీది ఇంటిపేరు.

ఆ అమ్మాయి మెటీరియల్స్ ఇంజనీరింగ్ విద్యార్థిని. హాలేలోని వైన్‌బెర్గ్ క్యాంపస్‌లో ఒక పరిశోధనా సంస్థలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ దొరికింది. ఆ గుట్ట మీద విశ్వవిద్యాలయ విజ్ఞానశాస్త్ర విభాగాలూ పరిశోధనా సంస్థలూ పక్కపక్కనే ఉంటాయి. జర్మనీ ఏకమయ్యాక తూర్పు రాష్ట్రాల్లో వెలసిన తొలి మాక్స్ ప్లాంక్ సంస్థ, సూక్ష్మ నిర్మాణాల భౌతికశాస్త్ర సంస్థ, 1992లో మొదలైందీ అక్కడే. పనిలో చేరాల్సింది పదహారు రోజుల తర్వాత సోమవారం. అంత ముందుగా ఎందుకని ఇంట్లో అడిగితే, హాలేలోనే పీహెచ్‌డీ చేస్తున్న తెనాలి సీనియర్ చెప్పిన మాటే వాళ్లకూ చెప్పింది. "పని నేర్చుకోవడానికి ఆరు నెలలున్నాయి చెల్లీ. ఊరు నేర్చుకోవడానికి రెండు వారాలైనా ఉంచుకో."

శంషాబాదులో అర్ధరాత్రి దాటాక ఎక్కితే ఉదయానికి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కణ్నుంచి ఎర్ఫుర్ట్ మీదుగా రైలు. ప్రయాణంలో చెప్పుకోదగ్గది ఒక్కటే, పెట్టెలోంచి నెయ్యి డబ్బా ఇంటి దగ్గరే దిగిపోవడం. ఐరోపా సమాఖ్య బయటి నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం వెంట తేకూడదు. అమ్మ కాచిన నెయ్యీ, పాలకోవా ఆగిపోయాయి. ఆవకాయ, కరివేపాకు పొడి, పోపుల డబ్బా వచ్చేశాయి.

ఆమె దిగిన పేటకు ఒక చరిత్ర ఉంది. లోయ్‌నా, బూనా రసాయన కర్మాగారాల్లో పనిచేసే వాళ్ల కోసం అప్పటి తూర్పు జర్మనీ ప్రభుత్వం 1964లో పొలాల్లో పునాది వేసి కట్టిన ఊరది. 1967 నుంచి 1990 దాకా హాలేతో సంబంధం లేని వేరే నగరంగా నడిచింది. కర్మాగారంలో పోతపోసిన కాంక్రీటు పలకలను క్రేన్లతో ఎత్తి, పేర్చి లేపిన ఇళ్లు. ఆ కాలంలో అక్కడ వీధులకు పేర్లుండేవి కావు. ప్రతి భవనానికీ ఒక సంఖ్య, అదే చిరునామా. వీధుల పేర్లు జర్మనీ ఏకమయ్యాకే వచ్చాయి. హాలే, నోయ్‌స్టాట్ రెంటి మొదళ్లూ కలిపి జనం 'హా-నోయ్' అనేవాళ్లు, వియత్నాం రాజధాని పేరు పలికినట్టు. ఒకప్పుడు 90 వేలు దాటిన జనాభా కర్మాగారాలు మూతబడ్డాక దాదాపు సగానికి పడిపోయింది.

బయటివాళ్లకు ఈ వరస ఇళ్లు ఒకేలా, దిగులుగా కనబడతాయేమో. గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్లలో తాతయ్య దగ్గర సెలవులు గడిపిన పిల్లకు అవి పరాయివి అనిపించలేదు. షిఫ్టులకు వెళ్లే మనుషుల కోసం కట్టిన ఇళ్లకు ఏ దేశంలోనైనా ఒక పోలిక ఉంటుంది. వరస ముందు వరస, మధ్యలో చెట్లు, బట్టలారేసుకునే తీగలు, బెంచీ మీద రిటైరైన మనుషులు.

మర్నాడు ఆదివారం. ఆ మర్నాడు పెంతెకోస్తు సోమవారం, దేశమంతటా సెలవు. జర్మనీలో ఆదివారాలూ పండగ రోజులూ దుకాణాలు మూసే ఉంటాయి. పెట్రోలు బంకులు, పెద్ద రైల్వే స్టేషన్లలోని కొన్ని కొట్లు, పొద్దుటి పూట కొన్ని బేకరీలు మినహాయింపు. క్యాలెండరు చూసి టికెట్టు కొనమని ఆమెకెవరూ చెప్పలేదు. వీసాకు ఏ కాగితాలు కావాలో కాలేజీల్లో గంటల తరబడి చెబుతారు. దిగిన మొదటి రెండు రోజులు ఏం తినాలో చెప్పడానికి మాత్రం అయిదు నిమిషాలు దొరకవు. ఈ లోటు తీర్చడం కష్టమేమీ కాదు, వెళ్లొచ్చిన సీనియర్‌ను ఒక పూట పిలిచి కూర్చోబెడితే చాలు.

ఆ రెండు రోజులూ గది అద్దెకిచ్చిన స్నేహితురాలి అలమరలోని బంగాళాదుంపలే దిక్కయ్యాయి. ఆదివారం మధ్యాహ్నం వాటిని ఉడకబెట్టి, తాలింపు వేద్దామని పోపుల డబ్బా తీసింది. అద్దంలా నున్నగా ఉన్న కరెంటు పొయ్యి, మంట కనబడదు. ఎంత కాగిందో కంటికి తెలియదు. నూనె కాగీ కాగీ పొగ లేస్తుంటే ఆవాలు, ఎండుమిరప ఒకేసారి పడ్డాయి. వంటింటి తలుపు తెరిచే ఉంది. హాలు పైకప్పుకున్న తెల్లటి బిళ్ల ఒక్కసారిగా చెవులు చిల్లులు పడేలా అరవడం మొదలెట్టింది. పొగను పసిగట్టే అలారం అది.

ఆమె కిటికీ దగ్గరికి పరుగెత్తింది. పిడి ఎటు తిప్పాలో తెలియక పైకి తిప్పి లాగింది. కిటికీ పక్కకు తెరుచుకోలేదు. పై అంచు విడిపోయి రెక్క మొత్తం మీదికి వాలింది. ఊడిపోయిందనుకుని రెండు చేతులా పట్టుకుని, తలతో ఆపుకుంటూ కదలకుండా నిలబడిపోయింది. వెనక అలారం, పొయ్యి మీద మాడుతున్న మిరపకాయలు, చేతుల్లో కిటికీ.

స్నేహితురాలు వచ్చి ముందు పొయ్యి ఆపింది, కుర్చీ ఎక్కి అలారం నోరు నొక్కింది, ఆ తర్వాత ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా కిటికీ మీంచి తీసింది. కిటికీ పడలేదు. అది అలాగే వాలాలి. పిడి పక్కకు తిప్పితే తలుపులా తెరుచుకుంటుంది, పైకి తిప్పితే పై అంచు మాత్రం లోపలికి వాలి గాలి వస్తుంది, కిందికి తిప్పితే మూసుకుంటుంది. జర్మనీలో ఇంటింటా ఉండే కిటికీ ఇది. "నీకెలా తెలుస్తుంది, ఎవరూ చూపించకపోతే" అంది స్నేహితురాలు. ఇద్దరూ కలిసి ఆ దుంపల వేపుడే తిన్నారు. కరివేపాకు పొడి స్నేహితురాలికి నచ్చింది.

రాత్రి తొమ్మిదైనా చీకటి పడలేదు. ఇంటికి ఫోను చేస్తే అక్కడ పన్నెండున్నర, అమ్మ మేలుకునే ఉంది. వేసవిలో రెండు దేశాలకూ మూడున్నర గంటల తేడా.

"తిన్నవా బిడ్డా?"

"తిన్ననే. ఆలుగడ్డ కూర."

"కిటికీలు మంచిగ పెట్టుకొని పండుకో. కొత్త జాగ."

కిటికీ సంగతి ఆ పూట చెప్పలేదు.

మంగళవారం నుంచి అసలు పని. జర్మనీలో మూడు నెలలు దాటి ఉండబోయేవాళ్లు ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దాన్ని 'అన్‌మెల్డుంగ్' అంటారు. విదేశీయులకే అనుకుంటారు చాలామంది. అక్కడి పౌరుడు పక్క వీధిలో ఇల్లు మారినా ఇదే పని చేయాలి. ఆ కాగితం లేనిదే చాలా పనులు కదలవు. దాని కోసం ఇంటి యజమాని, 'ఈమె ఫలానా తేదీ నుంచి ఇక్కడ ఉంటోంది' అని సంతకం చేసిన పత్రం ఇవ్వాలి. ఆ పత్రం పేరు 'వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్'. తెనాలి అన్న ఆ మాటను మూడు ముక్కలుగా విరిచి నేర్పాడు. వోనుంగ్ అంటే ఇల్లు, గేబర్ అంటే ఇచ్చేవాడు, బెస్టేటిగుంగ్ అంటే ధ్రువీకరణ. సంధి విడదీసినట్టు విడదీస్తే భయం పోతుందన్నాడు.

ఆ సంతకం కోసం బుధవారమంతా గడిచింది, గురువారం సగం గడిచింది. నగర కార్యాలయంలో శుక్రవారం సమయం హనుమకొండలో ఉన్నప్పుడే ఆన్‌లైన్‌లో పట్టుకుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ తేదీ పోయి మళ్లీ ఎప్పటికి దొరికేదో. ఈలోపు ప్రీపెయిడ్ సిమ్ము కొంది. 2017 జూలై నుంచి జర్మనీలో గుర్తింపు చూపకుండా సిమ్ము నడవదు. వీడియో కాల్‌లో పాస్‌పోర్టును వెలుతురులో అటూ ఇటూ వంచి, దాని మీది మెరుపు చూపించాలి. నెలవారీ రైలు టికెట్టు సంగతి వేరే. 2023 మేలో 49 యూరోలతో మొదలైన 'డాయిచ్‌లాండ్ టికెట్' ఉంటే దేశమంతటా ట్రాములు, బస్సులు, ప్రాంతీయ రైళ్లు ఎక్కొచ్చు. ఆ ధర 2025లో 58కి పెరిగింది. దూరం వెళ్లే వేగపు రైళ్లకు అది చెల్లదు. సాధారణంగా చందాలా నెలనెలా బ్యాంకు ఖాతాలోంచి పోయే టికెట్టు అది, కాబట్టి ముందు ఖాతా ఉండాలి. ఖాతా తెరవడానికి వెళితే చిరునామా నమోదైందా అన్నారు. చిరునామాకు యజమాని సంతకం. ముడి ఎక్కడ విప్పాలో తెలిసేదాకా కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరగాల్సిందే.

శుక్రవారం పొద్దున్నే ట్రాములో మార్క్‌ట్‌ప్లాట్స్ చేరింది. హాలే నడిబొడ్డు అది. మార్కెట్ చర్చికి నాలుగు గోపురాలు, పక్కనే విడిగా ఎర్ర గోపురం, మొత్తం అయిదు. ఎర్ర గోపురంలో 76 గంటలున్నాయి. కూడలిలో 1859 నుంచి నిలబడి ఉన్న విగ్రహం సంగీతకారుడు హ్యాండెల్‌ది. ఆయన 1685లో పుట్టిందీ ఊళ్లోనే. కార్యాలయం తెరవడానికి పావుగంట ఉంటే ఆ విగ్రహం నీడలో కూర్చుని కాగితాలు వరసగా పెట్టుకుంది.

లోపల పిలుపు వచ్చింది. ఆమె కదల్లేదు. మళ్లీ పిలిచారు. అప్పుడు గుర్తుకొచ్చింది, పిలుస్తున్నది ఆమె ఇంటిపేరునని.

మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది, కానీ రోజువారీ బతుకులో ఒక పొడి అక్షరంగా ముడుచుకుపోతుంది. హాజరు పట్టీలో, హాల్ టికెట్టులో ఒక్క అక్షరం, దాని పక్కన చుక్క. మనిషిని పిలిచేది సొంత పేరుతోనే. పెళ్లి శుభలేఖల్లోనూ, సంబంధాలు కుదుర్చుకునే మాటల్లోనూ తప్ప ఇంటిపేరు పూర్తిగా వినబడే చోట్లు తక్కువ. జర్మనీలో పరిచయం లేనివాళ్లను ఇంటిపేరుతోనే పిలవాలి, ముందు 'ఫ్రావ్' అనో 'హెర్' అనో చేర్చి. ఆ అమ్మాయి ఇంటిపేరు ఎప్పుడో పూర్వీకులు వదిలొచ్చిన పల్లె పేరు. రోమన్ లిపిలో పద్నాలుగు అక్షరాలు. ఆ పేరు పెట్టి పిలిస్తే ఇంట్లో పలకాల్సింది తాతయ్య.

కౌంటరు వెనక కూర్చున్న ఆమె ఆ పద్నాలుగు అక్షరాలనూ చూసి పెన్ను తీసుకుంది. "ఎలా పలకాలి?" అనడిగింది. అమ్మాయి చెప్పింది. ఆమె ఒక చిన్న కాగితం మీద మూడు గీతలు పెట్టి పేరును నాలుగు ముక్కలు చేసింది, ఒక్కో ముక్కా పలికింది. రెండోది తప్పింది. మళ్లీ అడిగింది. మూడోసారికి 'ళ' తప్ప అంతా సరిగ్గా వచ్చింది. వెనక వరసలో మనుషులున్నారు, ఆమె తొందరపడలేదు. ఫారంలో మతం గడి ఉంది. అదెందుకో కూడా ఆమే చెప్పింది. నమోదైన చర్చి సభ్యుల ఆదాయపు పన్నుతో పాటు చర్చి పన్నునూ ప్రభుత్వమే వసూలు చేస్తుంది, అందుకని. పది నిమిషాల్లో ముద్ర పడింది.

ఆ కాగితం చేతికి వచ్చాక ఆమె చేసిన మొదటి పని తెనాలి అన్నకు ఫోను. "అయిపోయింది అన్నా!"

"మంచిది చెల్లీ. ఇంక పోస్టు డబ్బా మీద పేరు అంటించావా?"

అంటించలేదు. దాని అవసరం అప్పటిదాకా తెలియదు. మన ఊళ్లలో చిరునామా అంటే ఆంజనేయస్వామి గుడి వెనక, వాటర్ ట్యాంకు ఎదురు సందు. దొరక్కపోతే పార్సిల్ తెచ్చిన అబ్బాయి ఫోను చేస్తాడు. అక్కడ పోస్టుమన్ ఫోను చేయడు. డబ్బా మీద ఇంటిపేరు కనబడితే వేస్తాడు, కనబడకపోతే ఉత్తరం పంపినవాళ్లకే తిరిగి వెళుతుంది. బ్యాంకు కార్డు, దాని రహస్య సంఖ్య, పన్ను గుర్తింపు సంఖ్య, ఇన్సూరెన్సు కాగితాలు, అన్నీ ఇంకా ఉత్తరాలుగానే వచ్చే దేశమది. రేడియో, టీవీ చందా బిల్లు కూడా అంతే. టీవీ ఉన్నా లేకున్నా ఒక ఇంటికి నెలకు 18.36 యూరోలు. ఇంట్లో ఎంతమంది ఉన్నా ఒక్కరు కడితే చాలు. ఆ సంగతి తెలియక గదికొకరు చొప్పున కట్టిన విద్యార్థులున్నారు.

ఆ సాయంత్రం స్నేహితురాలు టేపు, కత్తెర తెచ్చింది. చీటీ వెడల్పు నాలుగు వేళ్లు కూడా లేదు. మొదటిసారి రాస్తే చివరి మూడక్షరాలు పట్టలేదు. రెండోసారి అక్షరాలు మరీ చిన్నవయ్యాయి. మూడోసారి పెన్సిలుతో గీతలు గీసి, లెక్కపెట్టుకుని రాసింది. డబ్బా మీద ఒకటి, కింద బెల్లు పక్కన ఒకటి.

రెండో ఆదివారం నాటికి ఆదివారాలంటే భయం పోయింది. శనివారమే ఎర్ర కందిపప్పు, ఉల్లిపాయలు, మజ్జిగ డబ్బా తెచ్చిపెట్టుకుంది. అక్కడి సూపర్ మార్కెట్లలో దొరికే ఎర్ర పప్పు మన మైసూరు పప్పే. మజ్జిగ మన మజ్జిగకు దగ్గరి చుట్టం, కొంచెం చిక్కన. మంచినీళ్లనుకుని కొన్న సీసాలో సోడా ఉండటం ఒకసారి జరిగింది. ఆ తర్వాత కుళాయి నీళ్లే తాగింది, అవి శుభ్రమైనవి. ఖాళీ ప్లాస్టిక్ సీసాకు దుకాణంలోని యంత్రం 25 సెంట్లు తిరిగిస్తుంది. చింతపండు, కరివేపాకు కోసం మాత్రం లైప్‌సిష్ దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం తెనాలి అన్న ఆమెను ఫ్రాంకె ఫౌండేషన్స్‌కు తీసుకెళ్లాడు. "మన మొదటి అచ్చు పుస్తకాలు ఎక్కడ పుట్టాయో తెలుసా?" అనడిగాడు దారిలో. మద్రాసంది. కాదన్నాడు.

ఆగస్ట్ హెర్మాన్ ఫ్రాంకె అనే పాస్టరు 1698లో అనాథ పిల్లల కోసం మొదలుపెట్టిన సంస్థ అది. పొడుగాటి ఆవరణ, రెండు పక్కలా ఎత్తయిన పాత ఇళ్లు, బడి, గ్రంథాలయం, అచ్చుకూటం, మందుల దుకాణం. తమిళ తీరంలోని తరంగంబాడికి 1706లో చేరిన మిషనరీల వెనక నిలిచింది ఈ ఆవరణే. ఆ దారిలోనే బెంజమిన్ షుల్జె 1719లో తరంగంబాడి వచ్చాడు. 1726లో మద్రాసు చేరి, అక్కడ తెలుగు నేర్చుకున్నాడు. ఐరోపావాళ్లు అప్పట్లో మన భాషను 'జెంటూ' అనేవాళ్లు. ఆయన తెలుగుకు వ్యాకరణం రాశాడు. 1743లో హాలేకు తిరిగొచ్చి, 1746, 1747 సంవత్సరాల్లో చిన్నచిన్న క్రైస్తవ గ్రంథాలను తెలుగులో అచ్చువేయించాడు. వాటిలో ఒకదాని పేరు 'మోక్షానికి కొంచు పొయ్యే దోవ'. పండితుడు పెట్టిన పేరు కాదది. మద్రాసు వీధిలో, బజారులో చెవిన పడ్డ తెలుగు. 'కొంచుపోవడం', 'దోవ' అనే మాటలు హనుమకొండ పిల్లకూ తెనాలి పిల్లాడికీ ఇప్పటికీ తెలిసినవే.

పై అంతస్తులోని వింత వస్తువుల గదిలో, కప్పు నుంచి వేలాడే మొసలి కింద, బొమ్మలు వేసిన చెక్క బీరువాల మధ్య వాళ్లు చాలాసేపు తిరిగారు. ఆ తెలుగు పుస్తకాలు మాత్రం ఆ రోజు వాళ్ల కంటపడలేదు. బయటికొచ్చి ఆవరణలో మెట్ల మీద కూర్చున్నారు. అక్షరాలు పేర్చినవాళ్ల గురించి అడిగింది ఆమె. ఏ అక్షరానికి ఏ ఒత్తు కింద రావాలో, గుడి ఎక్కడ, కొమ్ము ఎక్కడ అన్నది తెలుగు నేల చూడని చేతులు ఎలా పేర్చి ఉంటాయి? ఎన్నిసార్లు తప్పు పడి, ఎన్నిసార్లు విప్పి మళ్లీ పేర్చి ఉంటారు? నగర కార్యాలయంలో పేరును నాలుగు ముక్కలు చేసి పలికిన ఆమె గుర్తుకొచ్చింది.

బ్యాంకు ఖాతా సోమవారం తెరిచారు. కార్డు ఒక ఉత్తరంలో, రహస్య సంఖ్య వేరే ఉత్తరంలో వస్తాయన్నారు. ఆ వారమంతా ఊరు తిరగడంలో గడిచింది. వైన్‌బెర్గ్‌కు ఏ ట్రాము, ఎక్కడ మారాలి, ఎన్ని నిమిషాలు నడక అని రెండుసార్లు వెళ్లి చూసుకుంది. సంస్థ గేటు దాకా వెళ్లి, లోపలికి పోకుండా, వచ్చిన దారినే తిరిగొచ్చింది. చెత్తలో కాగితం నీలం డబ్బాకు, ప్యాకింగు పసుపు డబ్బాకు, కూరగాయల తొక్కలు గోధుమరంగు డబ్బాకు అని చేతులకు అలవాటైంది. పోపు వేసేటప్పుడు వంటింటి తలుపు మూసి, కిటికీ పిడి పైకి తిప్పడం కూడా.

పనిలో చేరే ముందు శనివారం, పదకొండు గంటలకు, కూరగాయల సంచితో మెట్లెక్కబోతూ ఆగింది. పోస్టు డబ్బా సందులోంచి తెల్లటి కవరు అంచు బయటికి కనబడుతోంది. తాళం తీసింది. పారదర్శకమైన చిన్న కిటికీ వెనక, యంత్రం కొట్టిన నల్లటి అక్షరాల్లో, తాతయ్య ఇంటిపేరు. పద్నాలుగు అక్షరాలూ ఉన్నాయి. సంచి మెట్టు మీద పెట్టి, కవరు చింపకుండా ముందు ఫొటో తీసి ఇంటికి పంపింది. నిమిషంలో తాతయ్య ఫోను చేశాడు. హనుమకొండలో రెండున్నర, భోజనం చేసి పడుకునే వేళ.

"ఎవరు రాసిన్రు బిడ్డా, నా పేరు మీద?"